అద్దె గదిలో 18 మంది పిల్లలు: వీళ్లను ఎలా ఆడించాలి?

ఆమదాలవలస టీచర్ | జనవరి 19, రాత్రి 9.10

అందరికీ నమస్కారం. నేను ఆమదాలవలస మండలంలో అంగన్‌వాడీ టీచర్‌ని. ఈ పనిలోకి వచ్చి 11 ఏళ్లయింది. మా కేంద్రానికి సొంత భవనం లేదు. ఒక పాత పెంకుటింటి ముందు గదిలో అద్దెకుంటున్నాం. గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. బియ్యం బస్తాలు, గుడ్ల ట్రేలు, బీరువా, బరువు చూసే మిషన్ అన్నీ అందులోనే. మిగిలిన చోట 3 నుంచి 6 ఏళ్ల పిల్లలు 18 మంది.

సంక్రాంతి అయ్యాక ఇద్దరు నాతో రెండు రకాలుగా మాట్లాడారు. ఒక తల్లి వచ్చి, "టీచరుగారూ, మా పాప ఇంటికొస్తే ఫోన్ ముందు నుంచి లేవదు. మీ దగ్గరైనా కాస్త ఆడించండి" అంది. మర్నాడు అరుగు మీద కూర్చున్న తాతగారొకరు, "పిల్లగుంటల్ని గెంతించడానికా నీకు జీతమిస్తన్నారు? నాలుగక్షరాలు నేర్పమ్మా" అన్నారు. ఆ రెండు మాటలూ నన్ను నిద్రపోనివ్వలేదు.

మొన్న గురువారం గడియారం ముందు పెట్టుకుని లెక్క రాశాను. పొద్దున పాట దగ్గర చేతులు ఊపింది, చేతులు కడుక్కోవడానికి వెళ్లొచ్చింది, మధ్యాహ్నం వాకిట్లో కాసేపు పరుగెత్తింది, అన్నీ కలిపితే 35 నిమిషాలు వచ్చింది. మిగతా సమయమంతా చాప మీద కూర్చోవడం, తినడం, పడుకోవడమే. ఈ వయసు పిల్లలు రోజుకి 3 గంటలు కదలాలని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. నేను తప్పు చేస్తున్నానేమోనని టెన్షన్‌గా ఉంది. ఇంత చిన్న చోటులో ఏం చేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.

నెల్లిమర్ల పీఈటీ (రిటైర్డ్) | జనవరి 19, రాత్రి 10.02

టీచరుగారూ, గడియారం పెట్టి లెక్క రాసుకున్నారు చూడండి, దానికి ముందు మీకు నమస్కారం. హైస్కూల్లో వ్యాయామ టీచర్‌గా ఇన్నేళ్లు పని చేసి నేను ఒక్కసారి కూడా అలా లెక్క చూసుకోలేదు.

3 గంటలు అనేసరికి భయపడకండి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 ఏళ్లలోపు పిల్లలకి ఇచ్చిన సూచనల్లో ఉన్న మాట అది. 3, 4 ఏళ్ల పిల్లలకి రోజు మొత్తం మీద 180 నిమిషాల కదలిక ఉండాలి. అందులో కనీసం 60 నిమిషాలు కాస్త ఒగర్చేలా ఉండాలి, అంటే పరుగు, గెంతు, ఎక్కడం, దిగడం లాంటివి. మిగిలిన 120 నిమిషాల్లోకి నడక, వంగి లేవడం, పాటకి ఊగడం, చాపలు మడిచి తీసుకెళ్లడం అన్నీ వస్తాయి. ఇంటి దగ్గర ఆడింది కూడా లెక్కే. ఒకేసారి చేయించాల్సిన పని లేదు. అసలు ఈ వయసు పిల్లాడు వరసగా అరగంట పరుగెత్తడు. రెండు నిమిషాలు పరుగెత్తి కూలబడతాడు, మళ్లీ లేస్తాడు. వాడి ఒంటి తీరే అంత.

గంటకి మించి ఒకే చోట కట్టిపడేసినట్టు ఉంచొద్దని కూడా అందులోనే ఉంది. నన్నడిగితే మీరు ముందు దీన్ని పట్టుకోండి. అరగంట కూర్చోబెట్టారా, 5 నిమిషాలు లేపండి.

మరో మాట. హైస్కూలుకొచ్చిన పిల్లల్లో బంతి విసరడం రానివాళ్లు, ఒంటికాలి మీద నిలబడలేనివాళ్లు నాకు ఏటా కనిపించేవారు. 12 ఏళ్ల పిల్లాడికి అది నేర్పుదామంటే సిగ్గుతో వెనక్కి తగ్గుతాడు. 4 ఏళ్ల పిల్లాడికి సిగ్గుండదు. పది సార్లు పడి, పదకొండోసారి నిలబడతాడు. పరుగు, గెంతు, పాకడం, విసరడం, పట్టుకోవడం, తన్నడం, ఒంటికాలి మీద నిలవడం, వీటన్నిటికీ పునాది పడేది మీ గదిలోనే.

సిడ్నీలో 2000లో ఒలింపిక్ పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మీ ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటే కదా. వీరఘట్టంలో పుట్టిన మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడుగారు విజయనగరంలో వ్యాయామం నేర్పారు. మా పక్కనున్న కొండవెలగాడలో ఇంటికొక వెయిట్‌లిఫ్టర్ అన్నట్టు ఉంటుంది. అలాగని 4 ఏళ్ల పిల్లల చేత పోటీలు పెట్టించమని అనడం లేదు. ఈ వయసులో గెలుపు ఓటములు వద్దు. ఓడినవాడు మర్నాడు ఆటకి రాడు.

రాజాం కోడలు | జనవరి 20, ఉదయం 7.35

మాస్టారూ, అడగొచ్చో లేదో తెలీదు. మా బాబుకి 4 ఏళ్లు. సన్నగా ఉంటాడు, 13 కిలోలు. ఆటల్లో పడితే తిన్నదంతా అరిగిపోయి ఇంకా చిక్కిపోతాడని మా అత్తగారు బయటికి పంపరు. నాకూ అదే భయం. అంగన్‌వాడీ టీచర్‌కి కూడా "వీణ్ని పరుగెత్తించకండి" అని చెప్పి వచ్చాను. తప్పు చేశానా?

టెక్కలి నర్సమ్మ | జనవరి 20, మధ్యాహ్నం 1.15

తప్పని అనను తల్లీ. ఇంట్లో పెద్దవాళ్ల భయం నాకు తెలుసు, రోజూ వింటూనే ఉంటాను. కానీ సన్నగా ఉండటం వేరు, పోషకాహార లోపం వేరు. బాబు బరువొకటే చూడకూడదు, ఎత్తుకి తగ్గ బరువుందా అన్నది చూడాలి. అంగన్‌వాడీలో ఎత్తు, బరువు తీసి చార్టులో పెట్టమనండి. జబ్బకి చుట్టే రంగుల టేపు కూడా ఉంటుంది. 5 ఏళ్లలోపు పిల్లలకి జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువొస్తే, లేదా రెండు పాదాలకీ వాపు ఉంటే ఆలస్యం చేయొద్దు, పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. అక్కడి నుంచి అవసరమైతే పోషకాహార పునరావాస కేంద్రానికి పంపుతారు.

అలాంటి పిల్లలకి కూడా, కాస్త కోలుకోగానే రోజూ కొంతసేపు ఆట పెట్టడం వైద్యంలో భాగమే. తిండి ఒక్కటే చాలదు. కండ, ఎముక గట్టిపడాలంటే కదలాలి. మీ బాబు చార్టులో బాగుంటే నిక్షేపంగా పరుగెత్తనివ్వండి. ఆడిన పిల్లాడికి ఆకలేస్తుంది. ఆకలేసిన పిల్లాడికి ముద్ద పెట్టడానికి వీధంతా తిరగక్కర్లేదు.

టీచరుగారికి ఒక విన్నపం. ఎప్పుడూ మూల కూర్చునే పిల్ల, నాలుగడుగులేసి ఆయాసపడే పిల్లాడు మీ దగ్గర ఉంటే "బద్ధకం" అని వదిలేయకండి. అరచెయ్యి, కింది కనురెప్ప లోపల తెల్లగా పాలిపోయాయా చూడండి. రక్తం తక్కువైతే పిల్లలు ఆడలేరు. ఐరన్ సిరప్ వారానికి 2 సార్లు, ఒక్కో మిల్లీలీటరు పడుతోందో లేదో కనుక్కోండి. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర వేస్తారు. ఆ రోజు ఎవరూ మానకుండా చూడండి, చిన్నవాళ్లకి మాత్ర పొడి చేసి ఇవ్వాలి. పది నిమిషాలకే రొప్పే పిల్లలకి, పెదవులు నీలంగా మారే పిల్లలకి గుండె పరీక్ష చేయించాలి.

గజపతినగరం ఎల్‌కేజీ మిస్ | జనవరి 20, రాత్రి 8.48

నేను ఒక ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ చెప్తాను. మా సమస్య చోటు కాదు, పెద్ద గ్రౌండే ఉంది. కానీ అది పెద్ద క్లాసులది. మా పిల్లలు టై, బెల్టు, బిగుతు బూట్లతో బెంచీల మీద ఉంటారు. రోజుకి 2 పేజీలు రాయించి పంపకపోతే సాయంత్రం గేటు దగ్గర తల్లిదండ్రులు నిలదీస్తారు. నేను ఎవరినీ తప్పుపట్టడం లేదు, ఫీజు కట్టినవాళ్లకి కనపడేది నోట్‌బుక్ ఒక్కటే.

పోయినేడాది ఒక పిల్లాడు పెన్సిల్ పట్టుకుని ఏడ్చేవాడు. అక్షరాలు తెలుసు, చెయ్యే నిలవదు. నాకు అప్పుడు అర్థమైంది. భుజం, నడుము గట్టిపడని పిల్లాడు కుర్చీలో నిటారుగా కూర్చోలేడు, బల్ల మీద వాలిపోతాడు. అలా వాలినవాడికి వేళ్లు ఎక్కడ ఆడతాయి? అప్పట్నుంచి రాయించే ముందు పావుగంట గోడకి చేతులు ఆనించి తోయడం, ఎలుగుబంటి నడక, తడి గుడ్డలు పిండటం చేయిస్తున్నాను. "అ" ని నేల మీద సుద్దతో ఇంత పెద్దగా గీసి దాని మీద నడిపిస్తాను. ఆ పిల్లాడు డిసెంబరుకల్లా తన పేరు రాసుకున్నాడు. వాళ్లమ్మ చేత ఆ సుద్ద గీతల మీద ఒకసారి నడిపించాను. తర్వాత ఆమె పేజీల లెక్క అడగలేదు.

2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వరకు పునాది దశ అని, ఆటలతోనే చదువు సాగాలని చెప్పింది. మీ తాతగారికి ఆ కాగితం చూపిస్తే వినరు. మనవణ్ని గీత మీద నడిపించి చూపించండి.

బొబ్బిలి నాన్న | జనవరి 20, రాత్రి 11.20

అందరూ కేంద్రాల గురించి, స్కూళ్ల గురించి మాట్లాడుతున్నారు. ఇంటి గురించి నేను చెప్తాను.

మా పాపకి నాలుగేళ్లు. పై అంతస్తులో ఉంటాం. స్కూలు 600 మీటర్ల దూరం. రోజూ బండి ముందు నిలబెట్టి దింపుతాను. సాయంత్రం మళ్లీ అలాగే. ఇంటికి రాగానే అన్నం తినడానికి ఫోన్. వాళ్లమ్మకి వంట పని, నాకు షాపు పని. టీచరుగారి లెక్క చదివి నిన్న రాత్రి నేనూ మా పాప రోజంతా ఏం చేసిందో గుర్తు తెచ్చుకుని రాసి చూశాను. ఫోన్ 2 గంటల 40 నిమిషాలు. నడిచింది మెట్లు ఎక్కి దిగినంత. ఆ కాగితం చూసి చాలాసేపు మాట రాలేదు. ఈ వయసులో స్క్రీన్ రోజుకి గంట దాటకూడదని డాక్టరు ముందే చెప్పాడు. విన్నాను కానీ లెక్క పెట్టలేదు.

ఇవాళ పొద్దున బండి తీయలేదు. 20 నిమిషాలు ముందు బయల్దేరి నడిచాం. దారిలో పాప ప్రతి గట్టూ ఎక్కింది, ప్రతి గుంటా దూకింది, కుక్కపిల్లని చూసి ఆగింది. 600 మీటర్లకి 25 నిమిషాలు పట్టింది. రేపు ఇంకో 10 నిమిషాలు ముందు బయల్దేరతాం.

పలాస అమ్మమ్మ | జనవరి 21, ఉదయం 6.20

బొబ్బిలి బాబూ, బాగా చేశావు నాయనా.

మా చిన్నప్పుడు ఆట వస్తువులు ఎవరు కొన్నారు? ముంజికాయలు తిన్నాక ఆ డొక్కలు రెండు తీసుకుని మధ్యలో పుల్ల గుచ్చి, పంగల కర్రతో తోసుకుంటూ ఊరంతా తిరిగేవాళ్లం. ఇప్పుడు ముంజెల కాలం కాదు, వేసవికి చేయించండి. ఈలోపు పాత సైకిల్ టైరు, ఒక కర్ర ముక్క చాలు. ఒప్పులకుప్ప, చెమ్మచెక్క, నేల-బండ, దాగుడుమూతలు, ఇవేవీ పెద్ద చోటు అడగవు. మేం జీడిపిక్కలు కూడా ఆడేవాళ్లం, గోడకి కొట్టడం, గుంటలో వేయడం. మా పలాసలో అవి ఎన్ని కావాలంటే అన్ని.

టెక్కలి నర్సమ్మ | జనవరి 21, ఉదయం 8.05

అమ్మమ్మగారూ, మిగతావన్నీ ఎంతో మంచివి. జీడిపిక్కలు మాత్రం ఈ వయసు పిల్లలకి వద్దండి. 3 ఏళ్ల పిల్లలు నోట్లో పెట్టుకుంటారు, గొంతులో అడ్డుపడితే ప్రాణం మీదకొస్తుంది. పైగా పచ్చి పిక్క తొక్కలోని జీడి తగిలితే చర్మం కాలినట్టు పొక్కుతుంది. చింతపిక్కలు, గోళీలు కూడా అంతే, ముక్కులో దూర్చుకున్నవాళ్లకి తీయించిన అనుభవం ఉంది. పిల్లల పిడికిలి కంటే పెద్దవే ఇవ్వండి. గుడ్డ బంతి అన్నిటికంటే మేలు. తగిలినా దెబ్బ కాదు, దొర్లి దూరం పోదు.

పలాస అమ్మమ్మ | జనవరి 21, ఉదయం 8.30

నిజమే తల్లీ, జీడి పొక్కులు మా చేతుల మీద ఇంకా ఉన్నాయి. గుడ్డ బంతి పాత చీరతో నేను కుట్టి పెడతాను.

చీపురుపల్లి ఆయా | జనవరి 21, సాయంత్రం 5.40

నాను చెప్తుంటే మా అబ్బాయి రాస్తున్నాడు. ఇరవై ఏళ్లుగా అంగన్‌వాడీలో ఆయాగా చేస్తున్నాను. మీరందరూ చెప్పినవి బాగున్నాయి. కానీ ఒకటి అడుగుతాను. నేను పొయ్యి దగ్గర ఉంటాను. టీచరమ్మ ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో వివరాలు నింపుతూ ఉంటాది. ఫోటో తీయాలి, నెట్ రాదు, మళ్లీ తీయాలి. మరి పిల్లల్ని ఆడించేది ఎవరు? ఆటలో ఒకడు పడితే ఇద్దరం మాటలు పడాలి. అందుకే చాలాచోట్ల కూర్చోబెట్టేస్తారు. మనసు లేక కాదు, చేతులు చాలక.

మా దగ్గర ఏటి చేశామంటే, వంట మొదలుపెట్టక ముందే పొద్దున గంట ఆటకే. ఆ గంటలో టీచరమ్మ ఫోన్ బీరువాలో పెట్టేస్తాది. నేను కూరగాయలు తరగను. తర్వాత పని చేసుకుంటాం. పిల్లల చేత పనీ చేయిస్తాను, చిన్న చెంబుతో నీళ్లు మోసి మునగ మొక్కకి పోయడం, చాపలు చుట్టడం, గోనెపట్టా మీద ఒకణ్ని కూర్చోబెట్టి ఇద్దరు లాగడం. ఇంట్లో అమ్మ చేసే పనులంటే పిల్లలకి చాలా ఇష్టం.

ఆమదాలవలస టీచర్ | జనవరి 21, రాత్రి 9.25

అక్కా, మీరు నా మనసులో మాట చెప్పారు. నేనూ రేపటి నుంచి మొదటి గంట ఫోన్ ముట్టను.

ఇంకా మూడు ఇబ్బందులు ఉన్నాయి. గెంతితే ఇంటి ఓనరు కేకలేస్తారు, వాళ్లమ్మగారికి ఒంట్లో బాగోదు, ఆయన్ని అనడానికీ లేదు. గుమ్మం ముందే రోడ్డు, చెరకు ట్రాక్టర్లు తిరుగుతాయి. ఆడపిల్లలు గెంతుతుంటే కొందరు తల్లులే వద్దంటారు, వాళ్లకి పొడుగు పట్టు గౌన్లు వేసి పంపుతారు.

నెల్లిమర్ల పీఈటీ (రిటైర్డ్) | జనవరి 21, రాత్రి 10.15

పసిపిల్లల చదువు, సంరక్షణకి పెట్టిన జాతీయ నాణ్యతా ప్రమాణాల ప్రకారం 30 మంది పిల్లలకి 35 చదరపు మీటర్ల గది, బయట మరో 30 చదరపు మీటర్ల చోటు ఉండాలి. మీ గది 16 చదరపు మీటర్లు కూడా లేదు. అంటే లోపం మీది కాదు. సూపర్‌వైజర్‌కి ఈ కొలతలతో అర్జీ రాసి ఇవ్వండి, కాపీ దాచుకోండి. భవనం వచ్చేదాకా పిల్లల వయసు ఆగదు కాబట్టి ఇలా చేయండి.

గదిలో చప్పుడు లేని కదలికలు పెట్టండి. ముగ్గుపిండితో నేల మీద ఒక వంకర గీత వేసి దాని మీద పాదం వెంట పాదం నడిపించండి. పిల్లి నడక, పాము పాకుడు, కప్పలా కూర్చుని లేవడం, తలమీద చిన్న గుడ్డ మూట పెట్టుకుని పడకుండా నడవడం. బియ్యం బస్తాలన్నీ ఒకే గోడకి చేర్చండి. గది నడుమ 8 అడుగులు ఖాళీ దొరికితే ఆరుగురు ఒకేసారి ఆడొచ్చు, మిగతావాళ్లు చుట్టూ చప్పట్లు కొడుతూ ఉంటారు, తర్వాత మారతారు.

పరుగుకి బయటికే వెళ్లాలి. మీ ఊళ్లో రామకోవెల ఉందా? మండపం, చుట్టూ ప్రహరీ ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. పెద్దల్ని ముందు అడగండి. ఆ అరుగు మీద తాతగారినే ముందు అడగండి. వెళ్లేటప్పుడు గోగునార తాడుకి ముడులు వేసి ఒక్కో ముడి ఒక్కో పిల్లాడు పట్టుకుని నడవాలి. వెళ్లగానే గాజు పెంకులు, మేకులు, తేళ్లు, కుక్కలు చూసుకోండి. నుయ్యి ఉంటే మూత ఉండాలి. ఇప్పుడు చలికాలం కాబట్టి సరే, మార్చి దాటాక మాత్రం ఎండెక్కక ముందే ముగించండి. ఆటకి ముందు, తర్వాత నీళ్లు తాగించండి.

పట్టు గౌన్ల గురించి తల్లుల్నే ఒకరోజు పిలిచి ఆడించండి. చీర కుచ్చిళ్లు దోపుకుని ఒక్కసారి ఒప్పులకుప్ప తిరిగిన తల్లి, మర్నాడు కూతురికి లాగూ వేసి పంపుతుంది.

కొత్తవలస అమ్మ | జనవరి 22, మధ్యాహ్నం 3.10

మా బాబుకి కుడికాలు బలం లేదు. 5 ఏళ్లు. అంగన్‌వాడీలో అందరూ పరుగెడుతుంటే వాణ్ని కుర్చీలో కూర్చోబెడతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ ఇంటికొచ్చి "నన్ను ఎవరూ పిలవలేదు" అంటాడు.

నెల్లిమర్ల పీఈటీ (రిటైర్డ్) | జనవరి 22, రాత్రి 7.50

అమ్మా, ఆ మాట చదివి మనసు కలుక్కుమంది. టీచర్లందరూ ఇది చదవాలి. ఆటని కొంచెం మారిస్తే బాబు లోపలికి వస్తాడు. అందరూ నేల మీద కూర్చుని బంతి దొర్లించే ఆట పెడితే కాలుతో పనే లేదు. పాకే ఆటలో అందరూ సమానమే. పరుగు ఆటలో జెండా ఊపి మొదలుపెట్టే పని వాడికివ్వండి, అయితే రోజూ అదే ఇవ్వకండి, వాడూ చెమట పట్టేలా ఆడాలి. పిల్లల ఆరోగ్య పరీక్షలకి ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకి ఏడాదికి 2 సార్లు వస్తుంది. వాళ్లకి చూపించి ఫిజియోథెరపీ రాయించుకోండి. ఆ వ్యాయామాలనే ఆటగా మార్చి పిల్లలందరి చేతా చేయించొచ్చు.

ఆమదాలవలస టీచర్ | ఫిబ్రవరి 8, రాత్రి 8.30

రథసప్తమి హడావిడి దాటాక ఇప్పటికి కుదిరింది. ఏం జరిగిందో చెప్తాను.

తాతగారి దగ్గరికి వెళ్లాను. "మీ మనవడికి అక్షరాలు నేర్పుతాను, కానీ నాకు కోవెల మండపం కావాలి, మీరే ఇప్పించాలి" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పూజారిగారితో ఆయనే మాట్లాడారు. ఇప్పుడు పొద్దున గంట కోవెలలో, వాన పడిన రెండు రోజులు గదిలో ముగ్గు గీతల మీద. తాడు, గుడ్డ బంతులు, రెండు సైకిల్ టైర్లు ఉన్నాయి. చీపురుపల్లి అక్క చెప్పినట్టు చెంబులతో నీళ్లు మోస్తున్నారు, కోవెల తులసి మొక్కలకి.

పోయిన బుధవారం లెక్క రాశాను. కేంద్రంలోనే 110 నిమిషాలు వచ్చింది. అందులో ఒగర్చేలా ఆడింది 40. ఇంకా చాలదు. మధ్యాహ్నం నిద్ర లేచాక మరో 20 నిమిషాలు కలపాలి.

అన్నీ బాగానే జరిగాయని చెప్పను. రెండో వారంలో ఒక బాబు మెట్టు మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. వాళ్లమ్మ అందరి ముందు గట్టిగా మాట్లాడింది. నేను ఎదురు చెప్పలేదు. ఎక్కడ పడ్డాడో, వెంటనే కడిగి ఏం రాశానో చూపించి, ఆ మెట్టు దగ్గర ఇకపై ఆయా నిలబడుతుందని చెప్పాను. మర్నాడు బాబుని పంపలేదు. ఆ మర్నాడు వాడే ఏడ్చి వచ్చాడట.

నర్సమ్మగారూ, మూల కూర్చునే పాప ఒకతె ఉంటే మీరు చెప్పినట్టు కనురెప్ప చూశాను, బాగా పాలిపోయి ఉంది. ఏఎన్ఎంకి చూపించాం, మందు మొదలైంది. రెండేళ్లుగా ఆ పాపని నేను "నెమ్మదైన పిల్ల" అని మెచ్చుకుంటూ వచ్చాను. అది తలుచుకుంటే బాధగా ఉంది.

రాజాం కోడలు | ఫిబ్రవరి 8, రాత్రి 9.05

మా బాబు ఎత్తుకి బరువు సరిపోయింది, చార్టులో ఆకుపచ్చలో ఉన్నాడు. టీచర్‌కి వెళ్లి పరుగెత్తించమని చెప్పి వచ్చాను. మా అంగన్‌వాడీకి కూడా తాడు చేసిస్తానన్నాను. ముడికీ ముడికీ ఎంత ఎడం పెట్టాలి టీచరుగారూ?

ఆమదాలవలస టీచర్ | ఫిబ్రవరి 8, రాత్రి 9.20

మూరెడు పెట్టండి. మొదట జానెడు పెడితే ఒకరి మడమ ఒకరు తొక్కుకున్నారు. ముడి పెద్దగా వేసి మీద పాత గుడ్డ చుట్టండి, గోగునార చిన్న చేతులకి గీరుకుంటుంది. రెండు చివర్లా బారెడు తాడు వదలండి, ముందుది టీచర్‌కి, వెనకది ఆయాకి.